ఉలికిపాటు

హుంపోలెత్స్ దాటాక, వదిలేసిన రాతి క్వారీ.
మూడు వైపులా గ్రానైట్ గోడలు, నాలుగో వైపు మంచు.
ఆదివారం పొద్దున్న తొమ్మిదికి
ఒటాకర్ హ్రుష్కా నా మ్యాగజైన్ పుచ్చుకుని
నాకు వీపు తిప్పి నింపుతాడు.
పదిలో ఎన్ని నిజం తూటాలో, ఎన్ని డమ్మీలో
చెప్పడు.
తాళాలు బాగుచేసి బతికిన మనిషి,
లోపల ఏముందో చెప్పకుండా తెరిపించడం అలవాటు.

మొదటిది పేలింది. రెండోది పేలింది.
మూడోది క్లిక్‌మంది.
పేలని పిస్టల్ నా చేతిలో
ముక్కు కిందికి వేలాడేసింది,
తిట్టకముందే తల దించుకున్న పిల్లలా.

"చూశావా?" అన్నాడు.
చూశాను.
ఇన్నాళ్లూ ప్రతి చప్పుడు వెనకా దాక్కున్నది ఇదే.
గుళ్లన్నీ కింద ఎడమ మూలనే ఎందుకు గుమిగూడుతున్నాయంటే
గాలిని అన్నాను, కళ్లజోడుని అన్నాను,
అరువు తెచ్చిన పిస్టల్‌ని అన్నాను.

నేనెందుకు వచ్చానో అతను అడగలేదు.
హైవే పక్క పెట్రోల్ బంకులో నాది రాత్రి షిఫ్టు.
అక్టోబరులో ఒకడు కౌంటర్ మీద కూరగాయల కత్తి పెట్టాడు.
నాలుగు వేల కొరునాలు, రెండు సిగరెట్ పెట్టెలు.
పోతూ పోతూ తలుపు మెల్లగా వేశాడు.
ఆ మెల్లదనమే ఇప్పటికీ
నా నిద్రలో పేలుతోంది.

మిగతా రోజులు వంటగదిలో సాధన.
తూటాలు మెట్ల కింద గూట్లో, తాళం వేసి.
పిస్టల్ ఖాళీయేనా అని మూడుసార్లు:
కంటితో, వేలితో, మళ్లీ కంటితో.
స్లయిడ్ మీద, ముందు సైటు పక్కన
ఒక కొరునా నాణెం పెట్టి
గోడ టైలు మీది పగులుకి గురిచూసి
మీట నొక్కాలి. నాణెం పడకూడదు.
పడుతుంది.
సింకులోకి, చక్కెర డబ్బాలోకి,
ఓసారి పిల్లి నీళ్ల గిన్నెలోకి.
జనవరి అంతా నా ఇంట్లో మోగింది అదొక్కటే.
ఫిబ్రవరి మధ్యలో ఓ రాత్రి
క్లిక్ వినపడింది, నాణెం వినపడలేదు.
ఎవరికైనా ఫోన్ చేయాలనిపించింది.
టైము రెండు దాటింది. చేయలేదు.

మార్చిలో పెల్హ్రిమోవ్‌లో పోటీ.
చెక్క చట్రాలు, కిటికీలు, అట్ట మనుషులు.
గోధుమరంగు అట్టని కొట్టాలి,
దాని భుజం వెనక నుంచి తొంగిచూసే తెల్ల అట్టని
కొట్టకూడదు.
బీప్.
వచ్చిన పాయింట్లని పట్టిన సెకన్లతో భాగిస్తారిక్కడ.
నిదానస్తుడూ ఓడతాడు, తొందరపడ్డవాడూ ఓడతాడు.
నేను రెండు రకాలుగానూ ఓడాను:
ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై ఒకటి.
అందరూ పక్క వరసకి వెళ్లాక
తెల్ల అట్టలు నాలుగింటినీ చేత్తో తడిమాను,
మెడ, ఛాతీ, అంచులు.
స్కోరు రాసే కుర్రాడు రాదిమ్ ఆగాడు.
"ఏం వెతుకుతున్నారు?"
"చిల్లులు."
"లేవు కదా."
"అందుకే."

నిన్న ఒటాకర్ తన మ్యాగజైన్ నా చేతిలో పెట్టాడు.
"ఈసారి నువ్వు నింపు."
వీపు తిప్పాను. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా
ఎర్ర డమ్మీలు రెండు దూర్చాను,
నాలుగో చోట ఒకటి, ఏడో చోట ఒకటి.

డెబ్భై మూడేళ్ల చేయి.
మూడు పేలాయి, మూడింటికీ ఒకటే కన్నం.
ఇత్తడి తొడుగులు మంచులో పడి
దేని వేడికి తగ్గ గుంట అది కరిగించుకుని కూర్చున్నాయి.
నాలుగోది క్లిక్.
ముక్కు వంగింది.
వెంట్రుకవాసి. కానీ వంగింది.

కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
తర్వాత నవ్వాడు, పళ్లసెట్టు కదిలేంతగా.
"నలభై ఏళ్లనించి దీన్ని
ఇంట్లోంచి వెళ్లగొడుతున్నాను," అన్నాడు,
"తాళంచెవి దాని దగ్గరే ఉంది."
స్లయిడ్ లాగి డమ్మీని మంచులోకి రాల్చి
కాళ్లు సర్దుకుని మళ్లీ గురిపెట్టాడు.

అయిదు.
ఆరు.

ఇంకోటి ఉందని
నేను చెప్పలేదు.